కరగని రాయి, కరగు రాయి

మన పాఠశాల ప్రయోగశాలలో తూర్పుగోడ నానుకొనియున్న అద్దాల బీరువాను విద్యార్థులందరు నెరుగుదురు. దాని క్రింది అరయందు రెండు రాళ్ళు కలవు. ఒకటి బూడిదవన్నె గలది. చూచుటకు ఏమాత్రము సొగసు లేనిది. రెండవది లేత యూదావన్నె గలిగి, దీపమున కెదురుగా బట్టినచో వెలుతురు లోనికి దిగునట్టిది. క్రొత్తగా చేరిన బాలురు తప్పక రెండవదానినే ముందుగా చేతికి దీసికొందురు. మొదటిదాని నెత్తినవారు మాత్రము 'అబ్బా!' యని దానిని మరల చూతురు. అంత చిన్నరాతి కంత బరువుండునని వారు తలంపరు. ఈ రెండింటిని గూర్చి కొంత వ్రాయవలెనని చాలకాలముగా ననుకొనుచుంటిని. అట్లనుకొనుటకు ఒక ప్రత్యేకకారణము గలదు. దానిని తగినచోట చెప్పెదను.

బరువైన రాతి పేరు బెరైట్సు. కడప ప్రాంతమువారు దీనిని ముగ్గురాయి యందురు. యూదావన్నె రాయి ఫ్లోరైటు. వ్యాపారస్థులు దీనినే ఫ్లోర్‌స్పార్ అని వ్యవహరింతురు. ఖనిజశాస్త్ర గ్రంథములలో ఈ రెండును తరచుగా నొకేచోట వర్ణింపబడుచుండును. ఇంగ్లండునందలి పెనైన్ పర్వతములలో సున్నపురాతి పొరల పగుళ్ళయందు సీసపు ఖనిజముతో బాటు ఈ రెండును కలిసియే దొరకును. భూమిలోతున వేడెక్కిన ఉప్పునీరు ఆ పగుళ్ళవెంట పైకి ప్రాకి, చల్లబడుచు, తనలోని పదార్థములను గోడలకు పూసి పోయినది. అక్కడి సీసపు గనులవారు ఈ రెండు రాళ్ళను పనికిరానివని చాలకాలము కుప్పలుగా పారబోసిరి. పిమ్మట వీని విలువ తెలిసి ఆ కుప్పలనే మరల త్రవ్వుకొనిరి.

మన తెలుగుదేశమున ఈ తోబుట్టువులు వేరుపడినవి. ఒకటి కడప కొండల నడుమనున్న పొరల రాళ్ళలో కుప్పవడియున్నది. రెండవది గని త్రవ్వదగినంత యెక్కడను పోగుపడక, మన కాళ్ళక్రింది గ్రానైటులో సన్నని రేణువులుగా చెదరియున్నది. కుప్పగానున్నది మనకు ధనమైనది. చెదరియున్నది మనలో ననేకులకు దుఃఖమైనది. ఇట్లేల జరిగినదో తెలియవలెనన్న, ఏ రాయి నీటిలో ఎంత కరగునో చూడవలెను.

మొదట బెరైట్సు మాట. బేరియము, గంధకము, ప్రాణవాయువు చేరిన పదార్థమిది, బేరియం సల్ఫేటు. మనము దినమును త్రొక్కు గ్రానైటు నీటికంటె రెండున్నర రెట్లకు కొంచెము పైగా బరువుండును. శుద్ధమైన బెరైట్సు నాలుగున్నర రెట్లుండును. గ్రీకు భాషలో 'బరువు' అను నర్థము గల పదమునుండియే దీని పేరు పుట్టినది. సుమారు 1603 వ సంవత్సరమున ఇటలీదేశపు బొలోనా పట్టణమున చెప్పులు కుట్టు కాస్కియారోలో అనునతడు ఊరిచెంత దొరకిన ఈ బరువురాతిలో వెండిబంగారము లుండునని భ్రమించి, బొగ్గులతో కాల్చిచూచెను. బంగారము రాలేదు గాని, కాల్చిన రాయి ఎండలో నుంచి తెచ్చినచో చీకటిలో కొంతసేపు వెలుగసాగెను. ఆనాటి పండితులందరు దానిని చూడగోరిరి. పాప మాతని కొలిమి కట్టెల ఖర్చైనను రాబట్టెనో లేదో!

ఇక ఆ రాయి యెచ్చటనుండి వచ్చినదో చూతము. మన హిమాయత్‌నగరమునకు సమీపముననున్న కాచిగూడ స్టేషనులో రాత్రివేళ తిరుపతివైపు పోవు వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళినవారు మీలో ననేకులుందురు. తెల్లవారుజామున కడప దాటిన పిమ్మట బండి రెండు కొండలవరుసల నడుమ దక్షిణముగా సాగును. పడమటివైపున పాలకొండలు, శేషాచలము, తూర్పువైపున వెలికొండలు. రాజంపేట దాటి కోడూరు చేరకమునుపు ఓబులవారిపల్లె యను చిన్న స్టేషను వచ్చును. సాధారణముగా ఆ వేళకు మనవారు ముఖము కడిగికొని, పరుపులు చుట్టుకొనుటలో నుందురు. ఆ స్టేషనుకు సమీపముననే మంగంపేట గలదు. ప్రపంచమున ఒక్కచోట నింత బెరైట్సు నిక్షేపము మరియెచ్చటను లేదని ప్రసిద్ధి. తొలుత వేసిన లెక్కలలో దాని పరిమాణము దాదాపు 7 కోట్ల 40 లక్షల టన్నులు.

ఆ కొండలన్నియు కడప శిలాద్రోణి యను విశాలమైన పల్లములో చేరినవి. నెలవంక యాకారముననున్న ఆ ద్రోణి 44 వేల చదరపు కిలోమీటర్లకు పైబడి వ్యాపించి, కడప, కర్నూలు, ప్రకాశము మొదలగు సీమలను చుట్టుకొనియున్నది. నూరుకోట్ల సంవత్సరములకు పూర్వమే అది సముద్రము. అందు చేపలు లేవు, నత్తలు లేవు. కంటి కగపడని సూక్ష్మజీవులు మాత్రము పొరలుపొరలుగా పెరిగి, వేంపల్లె సున్నపురాళ్ళలో తమ గురుతులను విడిచినవి. ఆ సముద్రపు టడుగున ఇసుక, ఒండ్రు, సున్నము వేల మీటర్ల మందమున పేరుకొని, గట్టిపడి, కాలక్రమమున తూర్పువైపున ముడుతలు పడి కొండలైనవి. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ రాళ్ళ వివరమును 1872 లో గ్రంథరూపమున ప్రకటించెను. దత్తమండలములందలి బెరైట్సును గూర్చి కూల్సన్ అను నధికారి 1933 లో ప్రత్యేకముగా వ్రాసెను. ఆనాడు జనులెరిగిన బెరైట్సు చాలవరకు పులివెందుల, వేంపల్లె ప్రాంతములందు పగుళ్ళలో తెల్లని నరములవలె దొరకునది. మంగంపేట బూడిదరంగు పొరలకు మాత్రము సొగసు లేకపోవుటచేత కాబోలు, వాని యసలు విస్తీర్ణము భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారు 1970 తరువాతి దశకమున వరుసగా గొట్టపుబావులు తొలిచి చూచినగాని తెలియలేదు. మన బీరువాలోని రాతినే యెవరును ముందుగా నెత్తకపోవుట చూచినపుడెల్ల నాకీ సంగతి జ్ఞాపకమునకు వచ్చును.

ఇంత బెరైట్సు ఆ సముద్రములో నెట్లు చేరెను? పదవ తరగతివారికి దీని సమాధానము సగము తెలిసియే యున్నది. బేరియం క్లోరైడు ద్రావణములో సోడియం సల్ఫేటు ద్రావణమును పోసినపుడు పాలవలె తెల్లనిది పుట్టి, అడుగునకు దిగునుగదా! ఆ తెల్లనిదే బెరైట్సు. పరీక్షనాళికలో ఒక క్షణమున జరుగు పని ఆ సముద్రములో అనేకవేల సంవత్సరములు జరిగినది. బేరియమును మోసికొని వచ్చినది వేడినీరు. సల్ఫేటు నిచ్చినది సముద్రము. రెండును కలిసినచోట తెల్లని మడ్డి కురిసినది. దాని చుట్టునున్న పొరలలో అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి యేర్పడిన రాళ్ళు గలవు. కనుక ఆ వేడికి, ఆ బేరియమునకు కారణము సముద్రగర్భమునందలి అగ్నిపర్వతములే యని కొందరందురు. సముద్రపు టడుగున నూరిన వేడి ఊటలు చాలునని మరికొందరు వాదింతురు. ఈ వివాద మింకను తీరలేదు. మంగంపేట రాతిలో కొన్ని పొరలు చక్కెరపలుకుల వంటి రేణువులతోను, కొన్ని పువ్వువలె విచ్చుకొనిన స్ఫటికముల గుండ్లతోను నుండును. ఈ గుండ్లు ఎట్లు పుట్టినవో చెప్పలేని సిద్ధాంతము సంపూర్ణము కానేరదు.

ఇచట ఒక మాటచమత్కారము. రసాయనశాస్త్రమున ద్రావణమునుండి విడి దిగిన మడ్డిని మనము 'అవక్షేపము' అందుము. భూగర్భశాస్త్రమున నీటి యడుగున పేరుకొని గట్టిపడిన రాతిని 'అవక్షేపశిల' యందుము. విద్యార్థులు ఈ రెండు పాఠములను వేర్వేరు సంవత్సరములలో చదివి, వీనికి సంబంధమే లేదనుకొందురు. మంగంపేట రాయి రెండర్థములందును అవక్షేపమే.

ఆ తెల్లని మడ్డిమీద మీరు హైడ్రోక్లోరికామ్లమును పోసి చూచియుందురు. అది కరగదు. నీటిలో నైతే లీటరుకు రెండున్నర మిల్లీగ్రాములకు మించి కరగదు. లోకములో బొత్తిగా కరగని రాయి లేదు. ఐనను ఇది కరగనివానిలోనే లెక్క. భూగర్భజలములో సామాన్యముగా నెంతోకొంత సల్ఫేటు ముందే యుండును గనుక ఆ మాత్రమును కరగనీయదు. బేరియమన్ననో విషము. బేరియం కార్బొనేటును ఎలుకల మందుగా వాడెడివారు. కాని అదే బేరియము సల్ఫేటుతో చేరి బెరైట్సైనపుడు మనుష్యుని కేమియు చేయదు. ఆసుపత్రులలో జీర్ణకోశమునందలి పుండ్లను కనుగొనుటకై రోగిచేత సున్నపుతేట వంటి తెల్లని ద్రవమును త్రాగించి ఎక్స్‌రే తీయుట మీరు వినియుందురు. శుద్ధిచేసిన బేరియం సల్ఫేటును నీటిలో కలిపిన ద్రవమది. బరువైన బేరియము ఎక్స్‌కిరణముల నడ్డగించును గావున అన్నకోశము పటమున తెల్లగా తేలును. పిమ్మట ఆ రాతిపొడి యెట్లు లోనికి పోయెనో అట్లే బయటకు పోవును. కడుపులోని ఆమ్లము సైతము దాని నేమియు చేయజాలదు.

మంగంపేట ముగ్గురాతిలో సింహభాగము మాత్రము ఆసుపత్రులకు గాక చమురుబావులకు పోవుచున్నది. భూమిలో వేలకొలది అడుగుల లోతునకు తొలుచునపుడు క్రిందనున్న వాయువు, చమురు ఒక్కుమ్మడిగా పైకి చిమ్మకుండ, ఆ రంధ్రమును బరువైన బురదతో నింపి యుంచవలెను. బెరైట్సు పొడి కలిపినచో ఆ బురద నీటికి రెండింతలు బరువు తూగును. యంత్రము నరిగించునంత గట్టిది కాదు. దేనితోను కలిసి చెడదు. అందుచేతనే ఆ గనిలో రాతి తరగతులను దాని బరువును బట్టియే నిర్ణయింతురు. నీటికి 4.2 రెట్లు తూగినది మొదటి తరగతి. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ యాజమాన్యమున ఆ గని నడచుచున్నది. చుట్టుప్రక్కల పొడికొట్టు మిల్లులు అనేకము వెలసినవి. వానివలన వేలమందికి కూలి దొరకినది. దుమ్మును వారికే దక్కినది. గని విస్తరించినకొలది దాని యంచుననున్న పల్లెలవారు ఇండ్లు విడిచి వేరుచోట్లకు పోవలసివచ్చినది. ఐనను ఆ రాయి పొరుగువారి బావినీటిలో కరగి ఎముకల నంటినదని ఎవరును చెప్పజాలరు.

యూదావన్నె రాతి సంగతి వేరు. దాని గొప్పతనమును ముందు చెప్పి, పిదప దాని నేరమును చెప్పుట న్యాయము. మన బీరువాలోనిది గుజరాతునందలి అంబా డుంగరు గనులనుండి వచ్చినది. ఇందు కాల్షియము, ఫ్లోరిను అను రెండే పదార్థములు గలవు. మెత్తదనమున బెరైట్సుకంటె కొంచెము గట్టిది. చాకుమొనకు గీత పడును. సరియైన దిక్కున దెబ్బ తగిలినచో ఎనిమిది ముఖముల స్ఫటికముగా చీలును. లోహములను కరగించు కొలిమిలో దీనిని వేసినచో మడ్డి పలుచనై ప్రవహించును గనుక, ప్రవాహార్థము గల లాటిన్ ధాతువునుండి దీనికి పేరిడిరి. అతినీలలోహిత కిరణములు సోకినపుడు ఈ రాయి నీలికాంతి నీనుట చూచియే స్టోక్స్ అను శాస్త్రజ్ఞుడు 1852 లో ఆ గుణమునకు ఫ్లోరెసెన్స్ అను పేరు పెట్టెను. దీనిలోని ఫ్లోరినును విడదీయబోయి పలువురు రసాయనజ్ఞులు విషవాయువులకు గురియైరి. కడకు 1886 లో ఫ్రాన్సుదేశీయుడగు మోయిసాన్ కృతకృత్యుడయ్యెను. 1906 లో ఆతనికి నోబెల్ బహుమాన మొసగబడెను.

ఈ రాయి నీటిలో లీటరుకు సుమారు 16 మిల్లీగ్రాములు కరగును. అనగా ఏడెనిమిది ఆవగింజల యెత్తు. అందులో ఇంచుమించు సగము ఫ్లోరిను. ఇదియు స్వల్పమే కదా యని తోచును. కాని త్రాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు, అనగా ఒక ఆవగింజ యెత్తుకైనను తక్కువకు, మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయము. ఒక మిల్లీగ్రాము లోపల నుండుట మేలని మన దేశపు ప్రమాణము. ఎండలో పనిచేయువారు త్రాగు నీరు హెచ్చు. కావున మనవంటి వేడిదేశములవారికి ఆ హద్దును తగ్గించుకొనుటయే మంచిది.

వ్రాయుటకు కారణము వేరే గలదని మొదట చెప్పితినిగదా. కొన్ని సంవత్సరముల క్రిందట మన వసతిగృహమున నల్లగొండ జిల్లానుండి వచ్చిన బాలుడొకడుండెను. లెక్కలలో మిక్కిలి చురుకైనవాడు. కాని నవ్వునపుడు చేయి నోటి కడ్డము పెట్టుకొనెడివాడు. వాని ముందుపండ్లమీద గోధుమవన్నె చారలుండెను. తోడిపిల్లలు వానికి పెట్టిన పేరును ఇచ్చట వ్రాయను. ఒకనాడు ఉదయప్రార్థనకు ముందు నేనే వానిని పిలిచి, పండ్లు తోముకొనక వచ్చుట తగునా యని యందరియెదుట మందలించితిని. వాడు తలవంచుకొని, "రోజును తోముకొనియే వచ్చుచున్నాను సార్. మా ఊరిలో అందరి పండ్లును ఇట్లే యుండును" అనెను. శాస్త్రము బోధించు నాకు ఆ రెండవ వాక్యము విన్న వెంటనే సిగ్గు కలిగినది. ఒక యూరి పండ్లన్నియు నొకేరీతిగా నున్నవన్న, తప్పు ఊరివారిది కానేరదు. ఆ యూరి నీటిది.

ఆ చారలు మురికి కావు. చిగురులోపల శాశ్వతదంతములు రూపొందు వయస్సున, అనగా సుమారు ఎనిమిదేండ్ల లోపల, బిడ్డ త్రాగిన నీటిలో ఫ్లోరైడు హెచ్చుగా నున్నచో పంటిపై మెరుగు సరిగా నేర్పడదు. ఏ పొడియు, ఏ బ్రష్షును ఆ చారలను పోగొట్టజాలదు. రాతిపొరలను చూచి పూర్వపు సముద్రమును చెప్పినట్లే, ఆ పండ్లను చూచి ఆ బిడ్డ శైశవమున త్రాగిన బావిని చెప్పవచ్చును. పెద్దయైన పిదప అట్టి ఊరికి వచ్చినవారి పండ్లకు చారలు పడవు. కాని ఎముకల కుపద్రవము వారికిని తప్పదు. ఏండ్లతరబడి త్రాగిన ఫ్లోరైడు ఎముకలో చేరి, దానిని మందముచేసి, కీళ్ళను బిగించును, వెన్నెముక వంగును, నరములు నొక్కుకొని కాళ్ళు పడిపోవును.

ఈ వ్యాధి మన దేశమున గలదని మొట్టమొదట ప్రకటింపబడినది 1937 లో. నాటి చెన్నపురి రాష్ట్రములోని నెల్లూరు జిల్లాయందు షార్ట్ అను వైద్యాధికారియు, ఆతని సహచరులును పరీక్షించి వ్రాసిరి. దర్శి, పొదిలి, కనిగిరి సీమలు ఆనాడా జిల్లాలోనివి; 1970 పిమ్మట ప్రకాశము జిల్లాలో చేరినవి. మన హైదరాబాదు రాజ్యములోని నల్లగొండ రోగులను గూర్చి సిద్దికీ అను వైద్యుడు 1955 లో బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటించెను. 1973 లో మన నగరమున తార్నాకయందున్న జాతీయ పోషకాహార సంస్థవారు, ఇట్టి గ్రామములందలి బాలురకు మోకాళ్ళు లోనికి వంగి నడక చెడుట గమనించి లోకమునకు తెలిపిరి. ఈ సంవత్సరములను ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూడుడు. రోగము తెలిసినది 1937 లో. నేను ప్రయోగశాలలో పాఠములు చెప్పుచుండియు ఆ బాలుని మందలించినది ఈ శతాబ్దమున.

ఆ నీటిలోనికి ఫ్లోరైడు ఎట్లు వచ్చెను? నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు ప్రాంతముల క్రిందనున్నది గ్రానైటు. దానిలో ఫ్లోరైటు రేణువులే గాక, ఫ్లోరినును దాచుకొనిన నల్ల అభ్రకము, అపటైటు మొదలగు ఖనిజములును గలవు. వానపడిన నీరు ఆ రాతిపగుళ్ళలో ఎంతకాలము నిలిచిన నంత కరగించుకొనును. కావుననే పైపై ఊటబావికంటె లోతైన గొట్టపుబావిలో తరచుగా ఫ్లోరైడు హెచ్చుగా నుండును. ఇందు మరియొక చిత్రము గలదు. నీటిలో కాల్షియము చాలినంత యుండినచో అది ఫ్లోరైడును పట్టి, కరగనీయక యాపును. కాని ఆ మెట్టప్రాంతములందు నేలలోని కాల్షియము సుద్దగడ్డలుగా విడిపోయి, నీటిలో సోడియము మిగిలిపోవును. అప్పుడు ఫ్లోరైడునకు అడ్డు తొలగి, లీటరుకు 5, 6 మిల్లీగ్రాములు, కొన్నిచోట్ల అంతకు మించియు చేరినది. అట్టి నీటిలో సబ్బు చక్కగా నురుగునిచ్చును; పప్పు త్వరగా నుడుకును; రుచికి లోపముండదు. మంచినీరని ఎంచుటకు మన తల్లులెరిగిన గురుతులన్నియు నందు గలవు. కాచినందువలన ప్రయోజనము లేకపోగా, నీరు ఆవిరియై పోయి ఫ్లోరైడు చిక్కబడును.

ఇచట మీలో నెవరికైన సందేహము కలుగవచ్చును. మన హిమాయత్‌నగరము క్రిందను గ్రానైటే యున్నది. ఇంటిపునాదికి రెండు గజములు త్రవ్విన నదే తగులును. బిర్లామందిరమున్న నౌబత్ పహాడును, మన వీధుల చివరలందు గోడలలో నిరికియున్న గుండ్లును ఆ జాతివే. వాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. మరి మనకేల ఆ రోగము రాలేదు? మనము చాలకాలముగా రాతిలోని నీటిని గాక నదులనీటిని త్రాగుచుండుటయే దీనికి ముఖ్యకారణము. 1908 నాటి మూసీవరదల పిమ్మట నిర్మింపబడిన గండిపేట చెరువు 1920 లోను, హిమాయత్‌సాగరము 1927 లోను పూర్తియైనవి. పిదప మంజీర, కృష్ణ, గోదావరి జలములను నగరమునకు తెచ్చిరి. కృష్ణాజలము మన కుళాయిలకు ఏ దారిని వచ్చునో పటమున చూడుడు. నల్లగొండ జిల్లాలోని కోదండపురమున శుద్ధియై, నాగార్జునసాగర్ రోడ్డువెంట, మర్రిగూడకు చేరువగా, పెద్దగొట్టములలో సాగివచ్చును. ఈ శతాబ్దపు తొలిదశకమున ఆ గొట్టములు పారసాగినపుడు వాని కిరువైపుల నున్న పల్లెలలో ననేకులు బోరునీరే త్రాగుచుండిరి. మన వసతిగృహపు బాలుడు ఆ కాలమున పుట్టినవాడే.

ఉపాయములు లేకపోలేదు. నాగపురమునందలి జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970 తరువాతి దశకమున, పటికయు సున్నమును తగినపాళ్ళలో కలిపి, కలియబెట్టి, తేర్చి, వడపోయు పద్ధతిని రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతి యని పేరు వచ్చినది. రోగముచేత నొక జిల్లాపేరు శాస్త్రగ్రంథముల కెక్కుట దుఃఖమైనను, చికిత్సచేతను అదే పేరు ఎక్కినది. పద్ధతి మంచిదే, కాని ప్రతిదినము పాళ్ళు సరిచూచుచు, మడ్డిని తీసివేయుచు నుండవలెను. పేదయిండ్లలో నిది చిరకాలము సాగుట కష్టము. మిషన్ భగీరథ పథకమునకు 2015 లో చౌటుప్పలునందు పునాది పడినది. తరువాతి సంవత్సరములలో కృష్ణాజలము ఆ పల్లెలకు గొట్టములద్వారా చేరినది. నీరు మారినచో క్రొత్తగా పుట్టువారి పండ్లు తెల్లగానే వచ్చును. వంగిన యెముకలు మాత్రము మరల చక్కబడవు.

ఫ్లోరైడును సంపూర్ణముగా విషమని యెంచుటయు తప్పే. స్వల్పముగా నున్నచో అది పంటి మెరుగును గట్టిపరచి పిప్పిపళ్ళను తగ్గించును. అందులకే దానిని పండ్లపేస్టులో కలుపుదురు. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమున చారలుపడిన పండ్లను పరీక్షించుచు మెక్కే యను దంతవైద్యుడు, ఆ పండ్లు పుచ్చుట తక్కువయని గమనించెను. ఆ చారలకు కారణము నీటిలోని ఫ్లోరైడని 1931 లో తేలినది. నీటిలో దాని పాలెంత యన్నదే ప్రశ్న. పండ్లపేస్టును చిన్నపిల్లలు మ్రింగకుండ చూచుటయు అందుచేతనే.

ఆ బాలుడు దసరాసెలవులకు ఇంటికి పోయినపుడు, నేను కోరినమీదట, వాని యూరి పాతబోరుబావినుండి ఒక సీసాడు నీరు పట్టి తెచ్చెను. ఫ్లోరైడును పరీక్షించు రంగుద్రావణము గులాబివన్నెగా నుండును. ఫ్లోరైడు సోకినకొలది పసుపుపచ్చగా మారును. తరగతియంతయు చుట్టుచేరగా, ఒక నాళికలో మన కుళాయినీరు, రెండవదానిలో వాడు తెచ్చిన నీరు పోసి, రెండింట సమానముగా చుక్కలు విడిచితిని. మొదటిది గులాబిగనే యుండెను. రెండవది చూచుచుండగా పచ్చబడెను. ఎవరును మాటాడలేదు. వాడే మొదట నోరు విప్పి, "సార్, ఈ నాళికను బీరువాలో ఆ యూదారాతి ప్రక్కన పెట్టవచ్చునా?" యని యడిగెను. రంగు నిలువదని చెప్పి, నాళికకు బదులుగా ఆ సీసానే యుంచితిమి. దానిమీది చీటీలో ఊరిపేరును, తేదీని వ్రాసినవాడు వాడే.